చేతులు వదలండి

బాలగంగాధరం గారింట్లో తెల్లవారుతూనే వేదం మొదలవుతుంది. ఐనవిల్లికి దగ్గర్లో, కొబ్బరితోటల మధ్య పెంకుటిల్లు అది. వీధరుగు మీద శిష్యులు బాసింపట్లు వేసుక్కూర్చుని గొంతెత్తి వల్లె వేస్తుంటే కాలవ అవతల గడ్డి కోసుకునేవాళ్ళు కూడా చెయ్యి ఆపి వింటారు. ఆ అరుగుని ఆనుకున్న గదిలోనే ఉయ్యాల కట్టారు. అంత ఘోషలోనూ ఉయ్యాల్లో మనవరాలు కీర్తి కనురెప్ప కదపకుండా నిద్రపోయేది.

ఆ నిద్ర చూసి ఇల్లంతా మురిసిపోయింది. నాయనమ్మ కామేశ్వరి గారైతే పేరంటానికి వచ్చిన ప్రతి ముత్తైదువునీ గది గుమ్మం దాకా తీసుకెళ్ళి చూపించేవారు. ఏ పిల్లయినా ఈ చప్పుడికి ఉలిక్కిపడి ఏడుస్తుందనీ, ఇది మాత్రం వేదం వింటూ పడుకుంటుందనీ, ఇదంతా పూర్వజన్మ సంస్కారమనీ చెప్పేవారు. వచ్చినవాళ్ళు ఆయ్, ఆయ్ అని తలలూపి మెటికలు విరిచి వెళ్ళేవారు. మరే ఇంట్లోనైనా పిల్లకి చెవులు వినపడవన్న అనుమానం ఎప్పుడో వచ్చి ఉండేది. ఈ ఇంట్లో దాన్ని పుణ్యం కింద జమకట్టారు.

తల్లి శ్రీకళ కూడా కొన్నాళ్ళు అలాగే నమ్మింది. నమ్మినందుకు తన మీద తనకి ఇప్పటికీ కోపమే. తెలియని మనిషయితే సరే. అమలాపురంలో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుంది. ఎం.ఏ.లో భాషాశాస్త్రం పేపరుని తోటివాళ్ళంతా పీడ అనుకుంటే తను ఇష్టంగా చదువుకుంది. పిల్లలకి మాట ఎలా వస్తుందో, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో కథలా చెప్పగలదు. అలాంటిది, పిల్ల ఉంగా ఉంగా అనగానే పొంగిపోయింది. చెవులు వినపడని పిల్లలు కూడా ఉంగా అంటారని చదివిన సంగతి ఆ సంబరంలో గుర్తే రాలేదు. పాకే వయసుకి పిల్లలు తాతాతా, బాబాబా అంటూ ఒకే అక్షరాన్ని దండ గుచ్చుతూ పోతారు. అర్థమేమీ ఉండదు, నోరు సాము చేస్తుందంతే. కీర్తి ఆ దండ గుచ్చలేదు. ఉన్న ఉంగాలు కూడా పల్చబడ్డాయి. ఒకనాటి పొద్దున శ్రీకళ దేవుడి మందిరంలోంచి గంట తెచ్చి, పిల్ల వెనకాల నిలబడి గట్టిగా వాయించింది. కీర్తి తన కాలి బొటనవేలితో ఆడుకుంటూనే ఉంది.

కాకినాడలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, చెవిలోంచి మెదడుకి వెళ్ళే నరం పుట్టుకతోనే ఏర్పడలేదనీ, ఆపరేషన్ చేసి మెషిన్ పెట్టినా ఫలితం ఉండదనీ చెప్పాడు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పినందుకు అతని మీద శ్రీకళకి కోపం లేదు. కోపమంతా ఆ తర్వాత చేర్పించిన మాటల క్లాసు మీదే. నాగేంద్రబాబు అనే ఆయన అమలాపురంలో మేడమీద గది తీసుకుని ఆ క్లాసు నడిపేవాడు. చెడ్డవాడేం కాదు, ఎప్పటిదో పాత పద్ధతి పట్టుకుని వేళ్ళాడుతున్న మనిషి. పిల్ల ఎదుటివాళ్ళ పెదాలే చూడాలనీ, చేతులు ఊపనిస్తే నోరు బద్ధకిస్తుందనీ, సైగలకి మరిగితే ఇక జన్మలో మాట రాదనీ బల్లగుద్ది చెప్పాడు. సాధన చేయించేటప్పుడు పిల్ల చేతులు కదలకుండా పట్టుకోమన్నాడు.

కామేశ్వరి గారు ఆ పని దేవుడి పనిలా చేశారు. రోజూ దీపాలవేళ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న చేతులు రెండూ తన గుప్పిట్లో పెట్టుకుని, అద్దంలో చూపిస్తూ అమ్మ, అమ్మ అని అనిపించాలని చూసేవారు. పట్టుకోవడం ప్రేమగానే పట్టుకునేవారు. విసుక్కున్నా బాగుండేది, శ్రీకళ నాలుగు మాటలనేసి ఊరుకునేది. ప్రేమగా పట్టుకున్న చేతుల్ని విడిపించడం ఎలాగో ఆమెకి అంతుపట్టలేదు. నాయనమ్మ పెదాలు ఎందుకలా కదులుతున్నాయో తెలియక కీర్తి మొదట్లో గింజుకునేది. తర్వాత్తర్వాత గింజుకోవడం మానేసింది. విడిచిపెట్టినా చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చునేది. పిల్ల బుద్ధిమంతురాలైందని నాగేంద్రబాబు మెచ్చుకున్నాడు. శ్రీకళ పిల్లని ఎత్తుకుని మేడ దిగిపోయింది.

ఆ వారంలోనే ఒక సెలవురోజు పొద్దున, శ్రీకళ కాఫీ గ్లాసు పట్టుకుని గదిలోకి వస్తే కీర్తి కిటికీ చువ్వలు పట్టుకుని అరుగు వైపు చూస్తోంది. అరుగు మీద పాఠం నడుస్తోంది. కొత్త శిష్యుడికి స్వరం పట్టుబడటం లేదు. అలాంటప్పుడు బాలగంగాధరం గారు తన గురువు తనకి నేర్పినట్టే నేర్పుతారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని కుర్రాడి నడినెత్తి మీద చెయ్యి వేసి, స్వరం దిగినచోట తల కిందికి వంచుతారు, ఎక్కినచోట పైకెత్తుతారు. స్వరం పట్టుబడ్డాక తల వదిలేస్తారు గానీ, చెయ్యి మాత్రం గాల్లో అలాగే దిగుతూ లేస్తూ ఉంటుంది. కిటికీ దగ్గర కీర్తి ఒక చేత్తో చువ్వ పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో దించి ఎత్తుతోంది. దించి, దించి, ఎత్తుతోంది. తాతగారు పాఠం ఆపినా అది ఆపలేదు. నవ్వుకుంటూ, ఎవరి కోసమూ కాకుండా, అదే ఊపుని మళ్ళీ మళ్ళీ వేస్తోంది.

శ్రీకళ గ్లాసు కిటికీలో పెట్టి కింద కూర్చుండిపోయింది. తను ఇన్ని నెలలుగా పిల్ల నోట్లో వెతుకుతున్న దండ ఇదే. తాతాతా, బాబాబా. నోటితో గుచ్చాల్సింది చేత్తో గుచ్చుతోంది. వేదం ఈ పిల్లకి చేరింది, చెవిలోంచి కాదు, అంతే. దాన్నే రోజూ దీపాలవేళ గుప్పిట్లో పెట్టి నొక్కేస్తున్నారు. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం కామేశ్వరి గారు అద్దం ముందు కూర్చుని పిల్లని పిలవబోతే శ్రీకళ అడ్డం వచ్చింది. ఇకమీదట ఈ ఇంట్లో తన పిల్ల చేతులు ఎవరూ పట్టుకోవడానికి వీల్లేదని చెప్పింది. ఆ క్లాసు కూడా మానిపిస్తున్నానంది. అత్తగారు నిర్ఘాంతపోయారు. ఆ ఇంటి కోడలు అంత గొంతుతో మాట్లాడటం ఆ గోడలకి కొత్త. సంధ్యవార్చుకుని లోపలికి వచ్చిన బాలగంగాధరం గారికి విషయం తెలిసి, కోడలిని కూర్చోమన్నారు. ఆమె నిలబడే ఉంది. పొద్దున కిటికీ దగ్గర చూసింది చెప్పింది.

"మీరు స్వరం నేర్పేది చేత్తోనే కదండీ మావయ్యగారూ" అంది.

"అది నోటికి తోడమ్మా. నోరే లేనప్పుడు చెయ్యేం చేస్తుంది" అన్నారాయన. కటువుగా అనలేదు. ఆయనకది లోకరీతి, అంతే. శబ్దమే బ్రహ్మమని నమ్మి బతికిన మనిషికి, శబ్దం లేని భాష ఉంటుందని ఎవరు చెప్పినా తలకెక్కదు.

"నోరు లేనిదని మాత్రం అనకండి. దానికి మాట వస్తోంది. మనకే తెలీడం లేదు" అంది శ్రీకళ.

భర్త ఉదయభాస్కర్ గుమ్మం పక్కన నిలబడి అటూ ఇటూ చూశాడు. అతను హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. తండ్రికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. అయినా ఆ మర్నాడు మాటల క్లాసుకి వెళ్ళి, కీర్తి ఇక రాదని చెప్పి వచ్చిన మనిషి అతనే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు గానీ శ్రీకళకి తెలిసింది. అతనిలో అంత ధైర్యం ఉంటుందని ఆమె అనుకోలేదు.

చేతులైతే విడిపించింది. మరి ఆ చేతులకి మాటలు ఎవరిస్తారు? ఇక్కడ శ్రీకళ చదువు అక్కరకొచ్చింది. మాట పాఠం చెబితే రాదు. చుట్టూ మాట్లాడుకునే మనుషులుంటే, వాళ్ళ మాటల్లో నానితే వస్తుంది. తెలుగు పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి తెలుగు నేర్పరు కదా. మరి కీర్తి నానడానికి చేతులతో మాట్లాడుకునే మనుషులు కావాలి. వాళ్ళు కోనసీమలో ఎక్కడున్నారో ఆమెకి తెలియదు.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ అమలాపురం బస్టాండులో వాళ్ళని చూసింది. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు చేతులతో కబుర్లాడుకుంటున్నారు. సైగలు చేసుకోవడం కాదది. గబగబా, ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ, పక్కనున్నవాళ్ళని ఏదో అని నవ్వుకుంటూ, అచ్చంగా చాడీలు చెప్పుకోవడం. శ్రీకళ ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఆమె వాళ్ళ ముందుకెళ్ళి నిలబడి, ఫోనులో కీర్తి ఫొటో చూపించి, చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. వాళ్ళలో పెద్దావిడ మార్తమ్మ. ఓడలరేవులో జాకెట్లు కుడుతుంది, చిన్నప్పుడు బధిరుల హాస్టల్లో చదువుకుంది. ఆవిడ శ్రీకళ చేతిలోంచి ఫోను తీసుకుని అందులోనే టైపు చేసింది. ఆదివారం చర్చి అయ్యాక చుట్టుపక్కల చెవిటివాళ్ళంతా తన ఇంటికొస్తారు, పిల్లని తీసుకురమ్మంది.

ఇక ఆదివారాలు మొదలయ్యాయి. శ్రీకళ దాచలేదు. ఎక్కడికి వెళుతోందో, ఎవరింటికి వెళుతోందో మొదటి వారమే అత్తగారితో చెప్పింది. వేదపండితుడి మనవరాలు సముద్రం ఒడ్డున కిరస్తానీల ఇంట్లో పొద్దల్లా కూర్చోవడమేమిటని కామేశ్వరి గారు తల పట్టుకున్నారు. నలుగురూ ఏమనుకుంటారన్నారు. ఆ నలుగురిలో ఒక్కరికి సైగల భాష వచ్చినా వాళ్ళింటికే తీసుకెళతానంది శ్రీకళ. బాలగంగాధరం గారు మాత్రం కోడలితో మాట్లాడటం మానేశారు. ఏదైనా చెప్పాల్సొస్తే గోడకి చెప్పేవారు.

మార్తమ్మ అరుగు మీద కీర్తి మొదట్లో ఊరికే చూసేది. పిల్లలందరూ అంతే, మాట బయటికి రాకముందు బోలెడంత లోపలికి వెళుతుంది. తర్వాత ఒక ఆదివారం నీళ్ళగ్లాసు చూసి నీళ్ళు అంది, చేత్తో. ఆ సంతోషంలో శ్రీకళకి ఆ రాత్రి అన్నం సంగతే గుర్తురాలేదు. అక్కణ్ణుంచి వరద. కాకిని, కోడిని, గోడ మీద బల్లిని కూడా కుక్క అనేది. అందరూ నవ్వితే శ్రీకళ నవ్వలేదు, పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. మీసమున్న ప్రతివాణ్ణీ నాన్న అనే పిల్లలు చేసే తప్పే ఇది. చూసినదాన్ని చూసినట్టు చెయ్యడం కోతికి కూడా వచ్చు. ఇలా తప్పు చెయ్యాలంటే మాత్రం బుర్రలో భాష మొలకెత్తాలి. కొన్నాళ్ళకి రెండేసి మాటలు కలపడం మొదలుపెట్టింది. అమ్మ, బస్సు. నాన్న, లేడు. పాలు, వద్దు. వద్దు అనడం వచ్చాక ఇక చెప్పేదేముంది, ఇంట్లో దాన్ని పట్టుకునేవాళ్ళే లేకపోయారు.

నాయనమ్మని గెలిచింది చేప. మార్తమ్మ ఇంటి ముందు పడవలు ఒడ్డుకొచ్చినప్పుడు నేర్చుకున్న మాట, అరచెయ్యి నిలబెట్టి అలలా కదిలించడం. కీర్తికి అది తెగ నచ్చింది. ఇంట్లో తిరుగుతూ అదే చేసేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేసరికి, కామేశ్వరి గారు గోదారి అంటోందేమో అనుకుని తనూ చేశారు. నాయనమ్మ జవాబు చెప్పిందని కీర్తి గెంతులు వేసింది. ఇద్దరూ వంటింట్లోనూ, తులసికోట దగ్గరా, చివరికి దేవుడి గదిలోనూ అలా చెయ్యి ఊపుకుంటూ తిరిగారు. శ్రీకళ నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పేసింది. కామేశ్వరి గారు ఊపుతున్న చెయ్యి ఆపి చీరకొంగుకి తుడుచుకున్నారు.

"మత్స్యావతారం అనుకుంటాన్లేవే. ఇంకేం చేస్తాను" అన్నారు.

అప్పట్నుంచీ ఆవిడ దీపాలవేళ మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దాని చేతులు చూసేవారు. ఆవిడ చేతులు మొద్దుగా తిరిగేవి. కీర్తి ఓపిగ్గా సరిచేసేది.

మార్తమ్మ వాళ్ళలో ప్రతి మనిషికీ చేతిపేరు ఉంటుంది. బొట్టుని బట్టో, నడకని బట్టో, చేసే పనిని బట్టో పెడతారు. కీర్తి ఇంట్లో అందరికీ పేర్లు పెట్టింది. తాతగారికి పెట్టిన పేరు ఏమిటంటే, తన నెత్తి మీద తనే అరచెయ్యి వేసుకుని, తల ఒకసారి వంచి ఎత్తడం. రోజూ ఆయన ముందు నిలబడి ఆ పేరుతో పిలిచేది. ఆయన తల తిప్పుకుని వెళ్ళిపోయేవారు. ఆ పిలుపు తనదని ఆయనకి తెలియదు. గోడకి మాట్లాడే మనిషికి శ్రీకళ కూడా చెప్పదలచుకోలేదు.

కీర్తికి అక్షరాభ్యాసం వయసొచ్చింది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ బాలగంగాధరం గారే పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దించారు. పిల్ల అక్షరం పలుకుతూ దిద్దాలి, అది నియమం. పలకలేని పిల్లకి ఆ తతంగం ఎందుకని ఆయన భార్యతో అన్నారు. అన్నది భార్యతోనే అయినా వినాల్సింది కోడలు. శ్రీకళ వంటింట్లోంచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీరు చేయించకపోతే ఓడలరేవులో మార్తమ్మ చేత దిద్దిస్తానండీ మావయ్యగారూ. ఇసకలో దిద్దిస్తాను. చదువు ఎవరిచ్చినా చదువే నాకు" అంది.

బెదిరింపు కాదని ఆయనకి తెలుసు. ఆ మాటన్న ముఖం చూస్తే తెలుస్తుంది. వంశంలో ఎవరి వేలూ వేరేవాళ్ళు పట్టుకోలేదు. పైగా వెనకనుంచి కామేశ్వరి గారు, దిద్దించకపోతే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదని నెమ్మదిగా అన్నారు. వసంత పంచమికి ముహూర్తం పెట్టక తప్పలేదు.

ఆ రోజు అరుగు మీద శిష్యులు వరసగా కూర్చున్నారు. మార్తమ్మ కూడా వచ్చింది. శ్రీకళ ఆవిడని వీధిలో నిలబడనివ్వలేదు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఒకరిద్దరు చుట్టాలు సర్దుకుని దూరంగా జరిగారు. జరగనీ అనుకుంది. బాలగంగాధరం గారు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని కుడిచేతికి పసుపుకొమ్ము ఇచ్చి, తన చేత్తో పట్టి, మొదటి అక్షరం పలుకుతూ బియ్యంలో దిద్దించారు. కీర్తి వంగి చూసింది. ఆ గీత ఏమిటో దానికి తెలియాలి. తెలియకుండా ఊరుకునే పిల్ల కాదది. తలెత్తి ఎడమచేత్తో తాతగారిని అడిగింది, ఇదేమిటని. ఆయన రెండో అక్షరం ఎత్తుకుంటున్నారు. అది మళ్ళీ ఆయన ముఖం ముందు చెయ్యి ఊపి అడిగింది. పద్ధతి చెడుతోందని ఆయన ఆ ఎడమచెయ్యి కూడా పట్టుకుని, రెండూ కలిపి ఒళ్ళోకి నొక్కారు.

శ్రీకళ లేవబోయింది. లేవాల్సిన పని లేకపోయింది. కీర్తి ఒక్క విసురున చేతులు రెండూ లాక్కుంది. పళ్ళెం బోర్లాపడి బియ్యం అరుగంతా చిందింది. ఆయన ఒళ్ళోంచి దిగి, ఎదురుగా నిలబడి, ఏడవకుండా, తడబడకుండా, ముఖమంతా కోపంతో ఏదో చెప్పింది. అటునుంచి మార్తమ్మ బిగ్గరగా నవ్వింది. ఆ నవ్వు ఆవిడకి వినపడదు గానీ అరుగు మీద అందరికీ వినపడింది.

బాలగంగాధరం గారు చాలాకాలానికి కోడలి వైపు చూశారు.

"ఏవంటోందమ్మా?"

"చేతులు వదలమంటోందండి. నేను మాట్లాడుతుంటే పట్టుకుంటావేమిటి తాతా, అంటోంది" అంది శ్రీకళ. తాతా అన్నచోట తన నెత్తి మీద అరచెయ్యి వేసుకుని, తల వంచి ఎత్తింది. "ఇది మీ పేరు. ఎన్నాళ్ళనుంచో పిలుస్తోంది మిమ్మల్ని."

శిష్యుల్లో ఒకడు ముందుగా గుర్తుపట్టి తల దించుకున్నాడు. ప్రతివాడి నెత్తీ ఎరుగును ఆ చేతిని. ఆయన తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. చిందిన బియ్యం మధ్య మనవరాలు ఇంకా జవాబు కోసం నిలబడే ఉంది. ఇప్పుడు అడుగు తల్లీ అని దీనికి చెప్పడానికి ఏం చెయ్యాలమ్మా అని ఆయన కోడలిని అడిగారు.

"నన్నడక్కండి. దాన్నే అడగండి" అంది శ్రీకళ, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

ఎలా అడగాలో ఆయనకి తెలియలేదు. తెలిసింది ఒక్కటే ఉంది. మెల్లిగా తన నెత్తి మీద తనే చెయ్యి వేసుకుని, తల వంచి ఎత్తి, తర్వాత రెండు చేతులూ మనవరాలి ముందు ఖాళీగా చాపారు. కీర్తి ఆ చేతుల్ని ఎగాదిగా చూసింది. దగ్గరికొచ్చి, ఆయన కొత్త శిష్యుల తల పట్టుకున్నంత గట్టిగా ఆ ముసలి వేళ్ళు పట్టుకుని, ఒక్కొక్కటే వంచి మాట తయారుచేసి, తను చేసి చూపించి, చెయ్యమంది. ఆయన చేశారు. తప్పు చేశారు. కీర్తి అడ్డంగా తలూపి, ఆయన నెత్తి మీద చెయ్యి వేసి, తల కిందికి వంచి, మళ్ళీ మొదట్నుంచి చెప్పించింది.